అరనిమిషంలో ఆరంకెలు

మా ఇంటి కరెంటు ఖాతా నా పేరు మీద ఉంది. కలకత్తా ఖిదిర్‌పూర్‌లో ఈ మూడో అంతస్తు రెండు గదులు కొన్ననాడు మా ఆయన రేవులో క్రేను నడిపేవారు. ఆఫీసుల చుట్టూ తిరగడానికి ఆయనకు సెలవు దొరకలేదు. కాగితాలన్నిటి మీదా నేనే సంతకాలు పెట్టాను. మిషను బడిలో మూడో తరగతితో ఆగిపోయినదాన్ని. సంతకానికి ఆ చదువు చాలింది. అదే ఖాతాలోకి మళ్ళీ అడుగుపెట్టడానికి ఎంత తెలియాలో మొన్నటి వానాకాలంలో అర్థమైంది.

బొగ్గు, గంధకం, గోధుమ ధూళి, ఏ ఓడలో ఏది దిగితే అది మా ఆయన ముప్పై ఎనిమిదేళ్ళు పీల్చారు. ఇప్పుడు మంచం పక్కన ఆక్సిజన్ మిషను గుర్రుమంటూ ఉంటుంది. దానిలోంచి ఒక గొట్టం ఆయన ముక్కుకు వెళుతుంది. మిషను కరెంటు మీద నడుస్తుంది. కరెంటు పోతే ఇన్వర్టరు మీద రెండున్నర గంటలు. అది కూడా అయిపోతే సిలిండరే దిక్కు. సిలిండరు ఒకటి ఇంట్లో ఉంచుకోవచ్చు కదా అని చర్చిలో అందరూ అంటారు. వాడని వస్తువుకు నెలనెలా అద్దె కట్టడం నా ఒంటికి పడదు. అవసరమైనప్పుడు తెప్పించుకుంటాం అనేదాన్ని.

కిందటి శీతాకాలం వీధి తవ్వి కేబులు వేశారు. ఐదు గంటలు కరెంటు లేదు. ముందు రోజే మెసేజ్ పంపామన్నారు కంపెనీవాళ్ళు. పంపింది ఇల్లు కొన్నప్పుడు మేమిచ్చిన నంబరుకు. ఆ నంబరు ఎప్పుడో పోయింది. ఆ రోజు సిలిండరు మెట్లెక్కి వచ్చేసరికి మా ఆయన పెదవులు నేరేడు పండు రంగుకు తిరిగాయి. అదింకోసారి చూడకూడదని అనుకున్నాను.

మా కూతురి కూతురు మా దగ్గరే ఉంటుంది. రోజూ ఎనిమిదింటికి ఆఫీసు బస్సెక్కి సాల్ట్ లేక్ వెళ్ళి ఉద్యోగం చేసుకుని వస్తుంది. తాతయ్య పెదవులు అది కూడా చూసింది. పండగకు కొనుక్కుంటానన్న బట్టలు మానేసి, మిషనుకు ఒక స్మార్ట్ ప్లగ్గు తెచ్చింది. ఇన్వర్టరుకు ఒక చిన్న డబ్బా తగిలించింది. రెండూ దాని ఫోనులోని ఒక యాప్‌కు కబురు పంపుతాయట. ఇక్కడ మిషను ఇన్వర్టరు మీదకు మారితే అక్కడ ఆఫీసులో దాని ఫోను అరుస్తుంది.

“ఇంక నీ కరెంటు ఖాతా కూడా దీనికి కలపాలమ్మమ్మా. రేపు కోత ఉందంటే ఇవాళే ఫోను చెప్పేస్తాది. అప్పుడు ముందురోజే సిలిండరుకి చెప్పుకోవచ్చు,” అంది ఒక ఆదివారం, ఆరాధన నుంచి వచ్చాక.

“కలుపు మరి. నన్నెందుకు కూకోబెట్టావు?”

“పాస్‌వర్డ్ ఒక్కటే చాలదు. లోపలికెళ్ళే ముందు ఒక కోడు అడుగుతారు. అది ఆ చచ్చిపోయిన నంబరుకి పోతాది. నంబరు మార్చాలంటే నువ్వే ఆఫీసుకెళ్ళి లైన్లో నిలబడాలి.”

“నాను లైన్లో నిలబడితే మీ తాత దగ్గిర ఎవులుంటారు?”

“అందుకే ఇది,” అంటూ తన పాత ఫోను తీసింది. అద్దం సాలెగూడులా పగిలి ఉంది. అందులో ఆథెంటికేటర్ అనే యాప్ వేసిందట. మొదటిసారి మాత్రం పాత బిల్లు నంబరు ఇస్తే, ఇకమీదట కోడు మెసేజ్‌కు బదులు ఇందులోనే వచ్చేట్టు పెట్టుకోనిస్తారట. కంప్యూటర్ తెర మీద నల్లచుక్కల గడి ఒకటి వస్తే, ఆ పాత ఫోను కెమెరాను దాని ముందు పట్టమంది. పట్టాను. ఫోనులో ఆరు అంకెలు వచ్చాయి. వాటి పక్కన గుండ్రటి గుర్తు ఒకటి అంచు నుంచి అరుగుతోంది, చంద్రుడు తరిగినట్టు.

నేను పెన్సిలు తీసి బీరువా తలుపు లోపల ఆ అంకెలు రాసుకోబోయాను.

“రాయకమ్మమ్మా! అరనిమిషానికి అవి చచ్చిపోతాయి. కొత్తవి వస్తాయి.”

“అరనిమిషం ఉండేదానికి ఇంత హంగామా ఏటే?”

“దొంగ రాసుకున్నా పనికిరాకూడదని.”

“పాస్టరుగారు మొన్న ప్రకటనల్లో చెప్పారు. ఫోనులో వచ్చిన అంకెలు కన్నకొడుక్కి కూడా చెప్పకూడదంట.”

“నేను కొడుకుని కాదు కదా. చెప్పు తొందరగా.”

మొదటిసారి నాలుగంకెలు చదివేసరికి మారిపోయాయి. రెండోసారి కళ్ళజోడు జారింది. ఐదోసారికి ఖాతా తెరుచుకుంది. తన ఫోనులోనే పెట్టుకోవచ్చు కదా అంటే, అది ఆఫీసువాళ్ళ ఫోను, అలారం యాప్‌కు ఒప్పుకున్నారు కానీ ఇలాంటి కోడుల యాప్ పెట్టనివ్వరంది. నాది మీటల ఫోను. కాబట్టి ఆ పగిలిన ఫోను బీరువాలో, నా బట్టల కింద చేరింది.

“దీన్ని కదపకు. అప్పుడప్పుడు మళ్ళీ అడుగుతారు,” అంది.

విన్నాను. కానీ ఖాతా కలిసిపోయింది కదా, పెళ్ళయ్యాక పీటలతో పనేమిటి అనుకున్నాను. నా బీరువాలో ఏది కదపాలో ఇరవై నాలుగేళ్ళ పిల్ల నాకు చెప్పడమేమిటన్న పంతం కూడా కొంత ఉంది. అది లేదంటే అబద్ధమవుతుంది.

మా వీధికి నెలకోసారి పాత బట్టలు తీసుకుని స్టీలు గిన్నెలు ఇచ్చే బెంగాలీ ఆవిడ వస్తుంది. వానలు మొదలైన కొత్తలో వచ్చింది. ఆయన పాత ప్యాంట్లు రెండు, చిరిగిన దుప్పటి ఒకటి ఇచ్చి మూతున్న డబ్బా అడిగాను.

“వీటికి గరిటె వస్తుంది మాషీ,” అంది, పిన్నీ అని బెంగాలీలో పిలుస్తూ.

“గరిటె నీ నెత్తిన కొట్టుకో.”

“ఇంకేమైనా కలపండి. పాత ఫోనులుంటే కూడా తీసుకుంటున్నాను.”

బీరువాలోంచి తీసి నొక్కి చూశాను. వెలగలేదు. సిమ్ము లేదు, అద్దం లేదు, ప్రాణం లేదు. అలాంటిదాన్ని బట్టల కింద దాచుకోవడం చేపల తలలు దాచుకున్నట్టే అనిపించింది. ఇచ్చేశాను. డబ్బా మంచి మందంగా ఉంది. రెండు రోజులు నా బేరానికి నేనే మురిసిపోయాను.

మూడో రోజు ఉదయం తొమ్మిదీ నలభైకి ఫ్యాను ఆగి, మళ్ళీ తిరిగింది. మిషను ఒక్కసారి కీచుమంది. ఇన్వర్టరు మీద ఎర్రదీపం వెలిగింది. నేను గుమ్మంలోకి వెళ్ళి మెట్ల మీదుగా కిందకు చూశాను. కింది అంతస్తు బెంగాలీ ఇల్లాలు కూడా గుమ్మంలోకి వచ్చింది; ఆమెను అందరం బౌది, అంటే వదిన, అని పిలుస్తాం.

“అరగంటలో వచ్చేస్తుంది, కంగారుపడకండి,” అందామె.

ఎవరు చెప్పారంటే, ఎప్పుడూ అంతే కదా అంది. వీధి మలుపులో టీ అమ్మే అతను మాత్రం సాయంత్రం దాకా రాదని, పెద్ద కేబులు తవ్వుతున్నారని పైకి కేకేశాడు. అరగంటా, సాయంత్రమా? కంపెనీ నంబరుకు చేస్తే ఒక పాట వచ్చింది, పాటయ్యాక మళ్ళీ అదే పాట.

నా ఫోను మోగింది. సాల్ట్ లేక్ నుంచి మనవరాలు.

“అమ్మమ్మా, మిషను బేటరీ మీదకి మారింది. నాకు అలారం వచ్చింది. తాతయ్య ఎలా ఉన్నాడు?”

“పడుకున్నారు. కోత ఉంటే నిన్ననే చెప్తాదన్నావు?”

“మొన్న ఖాతా లింకు తెగిపోయిందమ్మమ్మా. మూడు నెలలకోసారి మళ్ళీ లాగిన్ అవమంటారు. ఈ ఆదివారం చేద్దామనుకున్నాను. నాదే తప్పు. ఇప్పుడే చేసేస్తాను. ఆ పాత ఫోను తీసి ఆరంకెలు చెప్పు, ఎంతసేపు కోతో చూసేద్దాం.”

 ఫోను చెవిన పెట్టుకుని బీరువా దాకా నడిచాను, అక్కడేదో ఉన్నట్టు.

“చార్జింగు నేదు,” అన్నాను.

“ఇన్వర్టరు లైనులో పెట్టు. రెండు నిమిషాల్లో వెలుగుతాది. నేను లైన్లోనే ఉంటాను.”

“నువ్వు పని చేసుకో. నాను మళ్ళీ చేత్తాను,” అని పెట్టేశాను. డెబ్భై రెండేళ్ళ వయసులో మనవరాలితో అబద్ధమాడాను. నా పిల్లలు అబద్ధమాడితే ఎండలో నిలబెట్టినదాన్ని.

సిలిండర్ల దుకాణానికి చేశాను. అక్కడి అతను నన్ను మాషీమా అంటాడు, మంచివాడే.

“పెద్దది ఒక్కటే ఉంది మాషీమా. చిన్నవన్నీ ఖాళీ, రేపు నిండి వస్తాయి. ఈ పెద్దది బడ్జ్ బడ్జ్‌లో ఒక పేషెంటుకి. పదకొండుకి బండి కదులుతుంది.”

“నా ఇంట్లో మనిషికి కావాలి బాబూ.”

“ఎంతసేపు కోత?”

“తెలీదు.”

“తెలీదంటే వాళ్ళ ఊపిరి తీసి మీకెలా ఇవ్వను? గంటా రెండు గంటలైతే మీ ఇన్వర్టరు చాలు. మధ్యాహ్నం దాకా అని గట్టిగా చెప్పండి, వాళ్ళని అడిగి సర్దుతాను. వాళ్ళ దగ్గరున్నది సాయంత్రం దాకా వస్తుంది. అందాకా మీరు వాడుకుంటే, మీ దగ్గర నుంచి తీసుకెళ్ళి వాళ్ళకిస్తాను. ఊరికే అనుమానం మీదైతే కుదరదు.”

అతను చెప్పింది న్యాయమే. నేనైనా అదే చెప్పేదాన్ని. గడియారం పదీ పది. ఆసుపత్రికి తీసుకెళదామంటే మూడు అంతస్తులు ఆయన్ని కుర్చీలో దింపాలి. కిందటిసారి రెండో అంతస్తులోనే ఊపిరి చాలలేదు. పదకొండు లోపల ఒక్క మాట తెలియాలి. ఆ మాట నా పేరు మీదున్న ఖాతాలో ఉంది. నేను బయట ఉన్నాను.

“ఏటి, అటూ ఇటూ తిరుగుతున్నావు?” అన్నారు ఆయన కళ్ళు తెరిచి.

“ఏం నేదు. మీరు పడుకోండి.”

“కరెంటు పోయింది కదా?”

“వచ్చేస్తాది.”

రెండో అబద్ధం. మూడోది ఆడే ఓపిక లేదు. మనవరాలికి ఫోను చేశాను.

“ఆ ఫోను ఇంట్లో నేదే. గిన్నెలావిడకి ఇచ్చేశాను.”

 తిడుతుందనుకున్నాను. నేనైతే తిట్టేదాన్ని.

“నేను నీకిచ్చిన కాగితం ఉందా?” అంది. “పది నంబర్లు అచ్చు వేసిన కాగితం. ఫోను పోతే ఆ నంబర్లతో వెళ్ళొచ్చు. ఒక్కో నంబరు ఒక్కసారే పనిచేస్తాది. దాచమని ఇచ్చాను.”

ఇచ్చింది. ఒకవైపే అచ్చు ఉంది, రెండోవైపు తెల్లగా ఉంది. అంత మంచి కాగితం ఊరికే దాచడం నాకు చేతకాదు. నాలుగు ముక్కలు చేసి సంతకు తీసుకెళ్ళే చీటీలు రాసుకున్నాను. ఆ మాట కూడా చెప్పాను.

“అమ్మమ్మా!” అంది. ఆ ఒక్క మాటే. తరవాత, “ముక్కలేవైనా ఉన్నాయా?”

అయిపోయిన చీటీలను వంటింట్లో ఒక తీగకు గుచ్చుతాను. పొయ్యి మీది మసిగుడ్డ దొరకనప్పుడు గిన్నె పట్టుకోవడానికో, చేపల పొలుసు తీసి చుట్టడానికో పనికొస్తాయి. తీగ దింపి ఒక్కొక్కటే లాగాను. మందుల చీటీలు, పాల చీటీలు, చర్చి కరపత్రాలు. అడుగున ఒక ముక్క దొరికింది. ఒకవైపు వంకాయలు, పొట్లకాయ, పావుకిలో చిన్న చేపలు అని నా అక్షరాలు. తిప్పితే అంకెలు. రెండు నంబర్లు పూర్తిగా ఉన్నాయి, మూడోది కత్తెరకు అడ్డంగా తెగింది. మిగతా మూడు ముక్కలు లేవు.

“రెండున్నాయి. ఎనిమిదేసి అంకెలు.”

“దేవుడా! మొదటిది చెప్పు. నిదానంగా.”

చెప్పాను. టకటక చప్పుడు.

“ఇది వాడేశారంటోంది. ఆ రోజు పనిచేస్తుందో లేదో అని నేనే చూశాను. రెండోది చెప్పు.”

రెండోదాని మీద నూనె మరక ఉంది. ఏడు అంకెలు బాగున్నాయి. ఐదోది మూడో, ఎనిమిదో తెలియడం లేదు. అదే చెప్పాను.

“ఏది ఎక్కువ అనిపిస్తోంది?”

“మూడు.”

టకటక. “తప్పంటోంది. రెండుసార్లు తప్పు కొట్టాం. ఇంకోసారి తప్పితే గంట దాకా మూసేస్తారు. అమ్మమ్మా, బాగా చూసి చెప్పు.”

పదీ నలభై రెండు. చేతులు చెమట పట్టి కాగితం మెత్తబడుతోంది. మూడు కాకపోతే ఎనిమిదే కదా అనుకోవచ్చు. ఆరు కావచ్చు, తొమ్మిది కావచ్చు. అనుకున్నది చెప్పేసి గంట పోగొట్టుకునే ధైర్యం నాకు లేదు. వంటింటి కిటికీ దగ్గరకు వెళ్ళి ముక్కను గాజుకు ఆనించాను. నూనె తగిలిన చోట వెలుతురు లోపలికి వచ్చింది. నా రాత అడ్డం వచ్చింది, పొట్లకాయలోని ‘ట్ల’ కాబోలు, పెద్ద ముద్దలా ఉంది. కళ్ళజోడు తీసేసి కన్ను దగ్గరగా పెట్టాను. అచ్చు గీత ఎడమ పక్క కూడా మూసుకుని ఉంది. పైన ఒక సున్నా, కింద ఒక సున్నా.

“ఎనిమిది.”

“ఖాయమేనా?”

“ఎనిమిదే. నొక్కు.”

ఆ పిల్ల నొక్కేంతలో నేను ఏం ప్రార్థన చేశానో గుర్తులేదు.

“వచ్చింది! అమ్మమ్మా, వచ్చింది. కేబులు పని. మూడింటి దాకా కోత.”

దుకాణానికి చేసి మూడింటి దాకా అన్నాను. ఎలా తెలుసని అడిగాడు. నా ఖాతాలో ఉందన్నాను. పదీ యాభై నాలుగు. బడ్జ్ బడ్జ్‌వాళ్ళతో మాట్లాడి, బండిని ఇటు తిప్పాడు. పదకొండుంపావుకు ఇద్దరు మనుషులు సిలిండరును మెట్ల మీద ఒక్కొక్క మెట్టుకు దించి పైకి ఎత్తుతూ తెచ్చారు. గొట్టం దానికి మార్చి, మిషను ఆపి, ఫ్యాను కూడా ఆపేశాను. ఇన్వర్టరులో ఇంకా యాభై నిమిషాల పని మిగిలిందని మనవరాలు ఫోనులో చూసి చెప్పింది.

మూడు కొట్టింది. కరెంటు రాలేదు. బండి మనిషి మాత్రం వచ్చాడు.

“మాషీమా, బడ్జ్ బడ్జ్ వెళ్ళాలి. అక్కడ నాలుగున్నర దాకానే ఉందట.”

మనవరాలికి చేస్తే, కంపెనీవాళ్ళు ఇంకా మూడనే చూపిస్తున్నారంది. “ఉంచేసుకో అమ్మమ్మా, వచ్చేదాకా ఉంచేసుకో,” అంది.  బండి మనిషి గుమ్మంలో నిలబడి నా ముఖం చూస్తున్నాడు. అతను బలవంతంగా తీసుకెళ్ళేవాడు కాడు. నేను వద్దంటే ఆగేవాడు. అందుకే కష్టమైంది.

ఆయన మంచం మీంచి అంతా విన్నారు. నా వైపు చూసి, చేత్తో సిలిండరును చూపించి, తలుపు చూపించారు.

“యాబై నిమిషాలే ఉందండీ ఇన్వర్టరు,” అన్నాను.

“అక్కడి ఆడికి... అదీ నేదు కదా,” అన్నారు.

గొట్టం మళ్ళీ మిషనుకు తగిలించాను. మిషను గుర్రుమంది. సిలిండరు మెట్లు దిగుతున్న చప్పుడు కింది అంతస్తు దాకా విన్నాను, ఆపైన వినలేదు. కుర్చీ మంచం దగ్గరకు లాక్కుని ఆయన పెదవులు చూస్తూ కూర్చున్నాను. మూడూ పది. మూడుంపావు. ఇన్వర్టరు దీపం ఎర్రగా ఆరుతూ వెలుగుతూ ఉంది. బౌది నిమ్మరసం తెచ్చి అక్కడ పెట్టి వెళ్ళింది. మూడూ ఇరవై ఆరుకు వంటింట్లో ఫ్రిజ్ గుక్క తిప్పుకుంది. వీధిలో పిల్లలు కేకలేశారు. నేను లేచి ఫ్యాను వేశాను.

సాయంత్రం మనవరాలు వచ్చి, చెప్పులు కూడా సరిగా విప్పకుండా తాతయ్య పెదవులు చూసింది.  కంప్యూటర్ తీసి, ఇవాళే మళ్ళీ పెట్టాలంది. ఆ పోయిన ఫోనును ఖాతాలోంచి తీసేసి కొత్తదాంట్లో పెట్టాలట.

“కొత్తది ఎక్కడుంది?” అన్నాను.

“నాదాంట్లో... పెట్టండి,” అన్నారు ఆయన.

ఆయనకొక ఫోను ఉంది. తలగడ పక్కన పెట్టుకుని కీర్తనలు వింటారు. మొదట్లోనే మనవరాలు దాన్ని అడిగితే నేనే వద్దన్నాను, ఏవో నొక్కి చెరిపేస్తారని.

“నీకెందుకు తాతయ్యా శ్రమ?”

“నానెక్కడికీ... ఎల్లను కదా. ఎవులికీ... ఇచ్చెయ్యను.”

మనవరాలు నవ్వు ఆపుకోలేక కంప్యూటర్ వెనక ముఖం దాచుకుంది.  మాట్లాడే హక్కు ఆ పూట నాకు లేదు.

నల్లచుక్కల గడి వచ్చింది. ఆయన చెయ్యి వణికితే మోచేతి కింద దిండు పెట్టాను. అంకెలు వచ్చాయి. మనవరాలు వేళ్ళు సిద్ధంగా పెట్టుకుంది.

“నాలుగు... ఏడు... సున్నా...” అని ఆగి ఊపిరి తీసుకున్నారు. గుండ్రం సగం అరిగింది. “రెండు...” ఇంకొక ఊపిరి. మారిపోయాయి.

“నేను చదవనా తాతయ్యా?”

ఆయన తల అడ్డంగా ఊపారు. నేను చదివేదాన్నే, అంకెలు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. నోరు మూసుకున్నాను. రెండోసారి కూడా నాలుగు దగ్గరే ఆగిపోయింది.

“మూడు చదివి గాలి పీల్చండి. మళ్ళీ మూడు,” అన్నాను. “గుండ్రం నిండాకనే మొదలెట్టండి.”

గుండ్రం నిండింది. ఆయన మూడు చదివారు. ముక్కులోని గొట్టం సన్నగా కదిలింది. ఇంకో మూడు చదివారు. ఆఖరి అంకె దాదాపు గాలి మాత్రమే, కానీ మనవరాలు అందుకుంది.

“అయిపోయింది తాతయ్యా! కలిసింది.”

ఆయన ముఖంలో ఆ నవ్వు చూసి ఎన్ని నెలలైందో. ఫోను ఇంకా పైకి పట్టుకునే ఉన్నారు. అంకెలు మళ్ళీ మారుతున్నాయి.

“ఇంకోపాలి... సదవనా?” అన్నారు.

“ఊపిరి దాచుకోండి,” అన్నాను.